ఉర్లువాండ్లు: సంకెలలోని సాక్ష్యము

“ఉరి” అను మాట వేటకానికి తెలియును, న్యాయాధిపతికిని తెలియును. పక్షికి పన్నునది ఉరి. నేరస్థునకు విధించునదియు ఉరియే. రెండువందల యేండ్లకు పూర్వము చిత్తూరు సీమలో ఈ మాటకు మూడవ యర్థ మొకటి యుండెను. బాటసారితో స్నేహము నటించి, కొన్ని ఆమడలు తోడు నడచి, అదను చూచి వాని మెడకు గుడ్డ బిగించి చంపి సొమ్ము హరించు ముఠాలవారిని ఇక్కడి జనులు “ఉర్లువాండ్లు” అనియు, “ఉర్లువేసేవాండ్లు” అనియు పిలుచుచుండిరి. ఈ పేరును మనకు దక్కించినది తెలుగు గ్రంథము కాదు. మదరాసు సర్కారు కొలువులోని రిచర్డు షెర్వుడ్ అను వైద్యుడు 1816లో వీరిని గూర్చి యొక వ్యాసము వ్రాసి, అందు ఈ తెలుగు మాటలను తన చెవికి వినబడినట్లు ఆంగ్లలిపిలో పొందుపరచెను. హిందూస్థానీలో వీరికి ఫాన్సీగార్లని పేరు. ఉత్తరదేశమున ఠగ్గులందురు.

నేడు డాక్యుమెంటరీ చిత్రములు తీయువారు కెమెరా పట్టుకొని చెరసాలకు పోవుచున్నారు. వరుసగా హత్యలు చేసి శిక్ష ననుభవించు ఖైదీ యెదుట కూర్చుండి, ఏల చంపితివి, ఎట్లు చంపితివి, ఎందరిని చంపితివి అని అడుగుచున్నారు. ఇంటింట జనులు ఆ సమాధానములను కన్నార్పక చూచుచున్నారు. ఇది క్రొత్త పని యని తోచవచ్చును. కాని కెమెరా పుట్టక మునుపే కలముతో ఈ పని చేసినవారు గలరు. దాని తొలి అధ్యాయములలో నొకటి మన గుడుపల్లె, కుప్పము, పుంగనూరు సీమలకు కూతవేటు దూరమున జరిగినది. ఆ కథను తిరిగి చదివినచో, సంకెలలోని మనుష్యుని మాటను ఎంతవరకు నమ్మవలెనో మనకు కొంత బోధపడును.

మొదట ఈ భూమి స్వరూపమును తలచుకొనవలెను. గుడుపల్లె చిత్తూరు జిల్లాకు నైరృతిమూలనున్న సరిహద్దు సీమ. జోలార్పేటనుండి బెంగుళూరు పోవు రైలు గుడుపల్లె మీదుగా పోవును. పడమట కోలారు, దక్షిణమున తమిళదేశము. తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒక్క సంతలో వినబడును. పదునెనిమిదవ శతాబ్దమున ఇది మైసూరు రాజ్యమునకును ఆర్కాటు నవాబు కర్ణాటకమునకును నడిమి అంచు. కంగుంది, పుంగనూరు సంస్థానములు ఈ కొండలలోనివే. తూర్పున నరగంటి, కల్లూరు, పులిచెర్ల, పాకాల మున్నగు చిత్తూరు పాళెములుండెను. మదరాసునుండి మైసూరుకు పోవు బాట ఆర్కాటు, చిత్తూరు దాటి, మొగిలి కనుమ నెక్కి, పలమనేరు మీదుగా పోవుచుండెను. వర్తకులు, సెలవుపై ఇంటికి పోవు సిపాయిలు, యాత్రికులు ఇట్టి బాటలనే నమ్ముకొని నడచుచుండిరి.

ఉర్లువాండ్ల నివాసములను చెప్పుచు షెర్వుడ్ మూడు చోట్ల పేర్కొనెను: మైసూరు కర్ణాటకముల సరిహద్దు, 1800లో నిజాము కుంపిణీకి దత్తము చేసిన బాలాఘాటు జిల్లాలు, అన్నింటికంటె ఎక్కువగా చిత్తూరు పాళెములు. అట్లగుటకు అతడు చూపిన కారణము గమనింపదగినది. ఆ పాళెములు కొండలతోను కోనలతోను నిండి, ఇరుగుపొరుగు సీమలతో రాకపోకలు తక్కువగా నుండి, నేరుగా పాళెగాండ్ర చేతిలో నుండెను. పాళెగాండ్రు కొందరు ఇతర దొంగలతోపాటు వీరికిని ఆశ్రయమిచ్చి, అందులకు ప్రతిగా నిర్ణీతమైన కప్పము గాని, దోచిన సొమ్ములో పాలు గాని పుచ్చుకొనుచుండిరట. అనగా ఈ హత్యల వెనుక ఒక పద్దు లెక్క యుండెనన్నమాట. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపక ముంచుకొనవలెను. ముందు దీనితో మనకు పని గలదు.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాత బెంగుళూరులో సుమారు నూరుమంది ఫాన్సీగార్లు పట్టుబడిరి. అప్పటికి అధికారులు దానిని పెద్దగా పట్టించుకొనలేదు. 1801లో కర్ణాటకము కుంపిణీ వశమయ్యెను. పాళెగాండ్ర బలమును అణచుటయు జరిగెను. 1807లో చిత్తూరు ఆర్కాటుల నడుమ మరికొందరు చిక్కిరి. వారు తిరువాంకూరు దాక పోయి దోపుడు సొమ్ముతో తిరిగివచ్చుచున్న ముఠాలోనివారు. అప్పుడు లభించిన సమాచారముతోనే వారి పద్ధతులు క్రమముగా బయటపడెను. చిత్తూరు మేజిస్ట్రేటు రైటు ఆ యేండ్లలో పట్టుబడినవారి వాంగ్మూలములను కూర్చెను. దాదాపు అదే కాలమున, 1810 ప్రాంతమున, ఉత్తరమున ఇటావాలో పెర్రీ అను మేజిస్ట్రేటును అదే పనిలో నుండెను. ఆ యేటనే బెంగాలు సైన్యమున సిపాయిలకు ఒక హెచ్చరిక వెలువడెను: దారిలో పరిచయమగువారిని నమ్మవద్దనియు, రొక్కము మూటగట్టుకొని పోక ఖజానాలపై హుండీలు తీసికొని పోవలసినదనియు దాని సారాంశము. చనిపోయినవారు ఎట్టివారో ఆ హెచ్చరికయే చెప్పుచున్నది. వారు ఏండ్ల తరబడి కూడబెట్టిన జీతమును నడుమున కట్టుకొని ఇల్లు చేరగోరిన సామాన్యులు.

ఈ నేరమును విచారించుట ఏల కష్టమయ్యెను? ఉర్లువాండ్లు పొరుగువానిని చంపరు. దూరదేశమున, తమ నెరుగని చోట, తమ నెరుగని బాటసారిని చంపుదురు. శవమును పూడ్చిపెట్టుదురు. ఇంటివారు కొంతకాలము ఎదురుచూచి, మారిజాడ్యమో, పులియో, వరదయో పొట్టనబెట్టుకొన్నదని ఏడ్చి ఊరకుందురు. ఫిర్యాదు లేదు, శవము లేదు, చూచిన సాక్షి లేడు. చూచినవాడొక్కడే, వాడును హంతకుడే. నాటి కుంపిణీ న్యాయస్థానములలో నేరవిచారణకు ఇస్లాము ధర్మశాస్త్రము ఆధారము. నేరములో పాలుగొన్నవాని మాటను మాత్రమే పట్టుకొని ప్రాణము తీయుటకు ఆ శాస్త్రము సమ్మతింపదు. ఇటావా కేసులు ఈ చిక్కువలననే వీగిపోయెను.

చిత్తూరు సమాచారముతో కూడిన షెర్వుడ్ వ్యాసము 1820లో కలకత్తా “ఏషియాటిక్ రిసెర్చెస్” పదుమూడవ సంపుటమున తిరిగి అచ్చుపడెను. నర్మదాతీరమున పనిచేయుచున్న విలియం స్లీమన్ దానిని చదివెను. 1830లో అతని చేతికి ఫిరంగియా అను ముఠా నాయకుడు చిక్కెను. ప్రాణము దక్కించుకొనుటకై ఫిరంగియా అప్రూవరుగా మారెను. స్లీమన్ విడిదిచేసిన మామిడితోపులోనే ఇదిగో శవములని చోటు చూపగా, త్రవ్వినంతట అస్థిపంజరములు బయటపడెను. అప్పటినుండి చెరసాల ఒక గ్రంథాలయ మయ్యెను. అప్రూవర్లను కూర్చుండబెట్టి స్లీమన్ ప్రశ్నించుట, వారు చెప్పుట, వ్రాసికొనుట. ఆ ప్రశ్నోత్తరములు, వారి రహస్యభాషా నిఘంటువు “రామసీయానా” అను పేర 1836లో కలకత్తాలో వెలువడెను. అదే సంవత్సరపు ముప్పదవ చట్టము వచ్చి, ఠగ్గుల ముఠాలో చేరియుండెనని ఋజువైనంతమాత్రమున యావజ్జీవశిక్ష వేయవచ్చుననెను. ఏ హత్య, ఎక్కడ, ఎవరిని అని నిరూపింప నక్కరలేదు. ధర్మశాస్త్రాధికారి ఫత్వాయు నక్కరలేదు. 1831 మొదలు 1837 వరకు 3,266 మంది పట్టుబడిరనియు, వారిలో 412 మందిని ఉరితీసిరనియు, 483 మంది సర్కారుపక్షమున సాక్ష్యమిచ్చిరనియు లెక్క యున్నది. మిగిలినవారు ద్వీపాంతరమునకో, ఆజన్మ ఖైదునకో పోయిరి.

బాటలు నిర్భయమయ్యెనన్న మాటను మేము తేలికగా తీసివేయుటలేదు. ఇల్లు చేరిన ప్రతి బాటసారియు ఒక లాభమే. ఠగ్గులను ఆంగ్లేయులు కల్పించిరనుటయు సరిగాదు. ఢిల్లీలో జలాలుద్దీన్ ఖిల్జీ కాలమున, పదుమూడవ శతాబ్దాంతమున, వేయిమంది ఠగ్గులను పట్టి పడవలలో వంగదేశమునకు పంపిరని బరనీ చరిత్రలో వ్రాసియున్నాడు. స్లీమన్ త్రవ్వించిన ఎముకలు మాటలు కావు, ఎముకలే. సందేహము వేరొక చోట గలదు. మైక్రోఫోను ముందు మనుష్యులను ప్రశ్నించు వృత్తిలో నున్న మాకు ఒక సంగతి దినదినమును తెలియుచుండును: సమాధానము తరచు ప్రశ్న ఆకారమునే ధరించును. “మీ పొలమున ఎరువు వేసినందువలన పంట పెరిగినదా?” అని అడిగినచో రైతు “పెరిగిన” దనును. “ఈ యేడు పంట ఎట్లున్నది?” అని అడిగి ఊరకున్నచో వాన మాట, అప్పు మాట, ఎద్దు మాట వచ్చును. ప్రాణభయము లేని రైతు విషయమే ఇట్లుండగా, తన మెడ ప్రశ్నించువాని చేతిలోనున్న ఖైదీ మాట ఎట్లుండును?

ఈ దృష్టితో రెండు వ్రాతలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 1816 నాటి వ్యాసమున దేవతాపూజ, శకునముల మాట యున్నది. దానితోపాటు కొండల మాట, పాళెగాని పాలు మాట, ఆశ్రయపు మాట గలవు. స్లీమన్ తరువాత లోకమునకు చేరిన కథలో కాళికాదేవి, పలుగు, పవిత్రమైన బెల్లము, శకునములు ముందుకు వచ్చెను. కప్పము పుచ్చుకొన్నవాడు వెనుకకు పోయెను. సొమ్ముకై జరిగిన నేరము మతాచారమై కనబడెను. 1959లో హీరాలాల్ గుప్త అను చరిత్రకారుడు స్లీమన్ కథను ప్రశ్నించి, రాజ్యములు తారుమారై జీవనోపాధి చెడిన కాలమున ఈ ముఠాలు పెరిగెనని వాదించెను. రాధికా సింఘా ఠగ్గీ చట్టములు న్యాయపద్ధతినే ఎట్లు మార్చినవో 1998లో తన గ్రంథమున విశదపరచెను. కిం వాగ్నర్ 2007 నాటి గ్రంథమున ఇటావా, చిత్తూరు రికార్డులవంటి తొలి పత్రములకు మరలి, హత్యలు నిజమే కాని వానిని స్థానిక పరిస్థితులలో పెట్టి చూడవలెనని చెప్పెను. వీరందరు ఏకాభిప్రాయులు కారు. అయినను ఒక్క పని అందరును చేసిరి: హంతకుడేమి చెప్పెనో చూచుటకు ముందు, వానిని ఎవరు, ఎప్పుడు, ఎందులకు అడిగిరో చూచిరి.

సంఖ్యల సంగతియు ఇట్టిదే. బెహ్రామ్ అను ఠగ్గు 931 మందిని చంపెనని లోకప్రసిద్ధి. లక్నోలో పేటన్ అను అధికారి కూర్చిన వ్రాతప్రతి దీనికి మూలము. అందు 931 అనునది బెహ్రామ్ ముఠాతో నున్నప్పుడు జరిగిన హత్యల మొత్తము. తన చేతులతో చంపినవారు సుమారు 125 మంది అని వాడే చెప్పినట్లు అదే ప్రతిలో నున్నది. ఆ చిన్న సంఖ్యయు భయంకరమే. కాని లోకము పెద్ద సంఖ్యనే మోసికొనిపోయెను. 1933లో స్లీమన్ మనుమడు వ్రాసిన గ్రంథపు పేరులోనే పదిలక్షల హత్యలు చేరెను. నిజాము కొలువులో నుండిన మెడోస్ టెయిలర్ 1839లో “కన్ఫెషన్స్ ఆఫ్ ఎ ఠగ్” అను నవల ప్రకటించెను. అందు అమీర్ అలీ అను ఖైదీ ఒక దొరకు తన 719 హత్యల కథను చెప్పుచుండును. ఇంగ్లండున జనులు దానిని ఎగబడి చదివిరి. అమీర్ అలీ పేరు నేటికిని నిలిచియున్నది. వాని చేత చచ్చిన బాటసారుల పేర్లు ఎవరికి జ్ఞాపకమున్నవి?

కెమెరా వచ్చిన తరువాత ఈ చిక్కు తీరెనా? అమెరికాలో ఐలీన్ వూర్నోస్ అను స్త్రీ 1989, 1990 సంవత్సరములలో ఫ్లారిడా బాటలపై ఏడుగురు పురుషులను కాల్చి చంపెను. నిక్ బ్రూమ్‌ఫీల్డ్ అను ఆంగ్ల చిత్రనిర్మాత 1992లో ఆమెపై ఒక డాక్యుమెంటరీ తీసెను. ఆమెకంటె ఆమె చుట్టు మూగి ఆమె కథను అమ్మజూచినవారే ఆ చిత్రమున ఎక్కువగా కనబడుదురు. 2002 అక్టోబరు 9న ఆమెకు మరణశిక్ష అమలయ్యెను. 2003లో రెండవ చిత్రము వచ్చెను. అందొక ఘట్టము గలదు. కెమెరా యెదుట ఆమె, ఆత్మరక్షణకై చంపలేదనెను. కెమెరా ఆగినదని తలచి గొంతు తగ్గించి, ఆత్మరక్షణకే చంపితిననియు, త్వరగా చావగోరి మాట మార్చితిననియు చెప్పెను. నోరు ఒక్కటే, అడిగినవాడును ఒక్కడే. సమాధానములు మాత్రము రెండు. ఏది నిజమో చిత్రము తేల్చలేదు. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచుటయే ఆ నిర్మాత చేసిన న్యాయమని మా అభిప్రాయము.

మన దేశమున ఇట్టి ప్రశ్న సుప్రీంకోర్టు దాక పోయెను. మదరాసులో ఆరు హత్యల కేసులో మరణశిక్ష పడిన ఆటో శంకర్ చెరసాలలో ఆత్మకథ వ్రాయగా, దానిని ప్రకటింప నక్కీరన్ అను తమిళ వారపత్రిక సిద్ధపడెను. అందు కొందరు అధికారులకును వానికిని గల సంబంధములు బయటపడునని చెప్పబడెను. చెరసాలల అధికారులు అది అసత్యమనియు ప్రకటింపరాదనియు అడ్డుపడిరి. 1994 అక్టోబరు 7న తెలుగువారైన జస్టిస్ జీవన్ రెడ్డి తీర్పు చెప్పిరి. కోర్టు రికార్డులవంటి బహిరంగ పత్రములలో నున్నంతవరకు ఎవరి అనుమతియు లేక ప్రకటింపవచ్చును. ముందుగానే నోరు మూయించు అధికారము సర్కారునకు లేదు. ఆ పరిధి దాటి వ్యక్తి ఆంతరంగిక జీవనమున చొరబడినచో ప్రకటించినవారు బాధ్యులగుదురు. ఇది ఆ తీర్పు సారము. 1995లో ఆటో శంకర్‌ను సేలము చెరసాలలో ఉరితీసిరి. ఖైదీ మాటకు పత్రము తోడుండవలెనని కోర్టు చెప్పిన దానికిని, అప్రూవరు మాటకు ఎముక తోడుండవలెనని స్లీమన్ తోపు త్రవ్వించిన దానికిని కొంత చుట్టరికము గలదు. స్లీమన్ త్రవ్విన చోట తప్పులేదు. త్రవ్వనక్కరలేదన్న చట్టము వచ్చినచోటనే ప్రమాదము మొదలయ్యెను.

ఆ ప్రమాదము ఎంత దూరము పోయినదో తెలుగువారు మరువరాదు. ఠగ్గు కొడుకు ఠగ్గే యగునన్న భావము అప్రూవర్ల మాటలనుండి పుట్టి చట్టములోనికి ప్రాకెను. చేసిన పనికి గాక, చేరిన గుంపునకు శిక్ష వేయవచ్చునన్న పద్ధతి 1871 నాటి నేరస్థ జాతుల చట్టమున మరింత విస్తరించెను. 1911 చట్టముతో అది మదరాసు రాజధానిని చేరెను. ఎరుకలవారివంటి జాతులు పుట్టుకచేతనే దొంగలని పట్టికలకెక్కిరి. పోలీసు కచ్చేరిలో హాజరు వేయించుకొనక పొరుగూరికి పోరాదు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ ఆధీనమున ఏర్పడిన స్టూవర్టుపురము సెటిల్‌మెంటు ఆ చట్టపు ఫలమే. మదరాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయ్యెను. కాని స్టూవర్టుపురము అనగానే నవ్వుచు “దొంగలు” అనువారు మనలో ఆ తరువాతను తక్కువ కాలేదు. ఒక హంతకుని మాటను ఒక జాతి కథగా మార్చినచో, దాని ఋణమును తరతరములు తీర్చవలసి వచ్చును.

కనుక మన యింట తెరపై ఖైదీ మాటాడునప్పుడు మూడు ప్రశ్నలు మన మనస్సులో నుండుట మంచిది. వీనిని అడిగినవాడెవడు, ఈ సమాధానమువలన వానికిని వీనికిని కలుగు లాభమేమి? ఈ మాటకు తోడు నిలుచు ఎముకయో, పత్రమో, మరియొక సాక్షియో గలడా? చనిపోయినవారి పక్షమున ఎవరు మాటాడుచున్నారు? ఈ మూటికి చోటిచ్చు చిత్రము చూడదగినది. హంతకుని కన్నులను మాత్రము చూపి, వాని అంతరంగము తెలిసినదని చెప్పు చిత్రము మెడోస్ టెయిలర్ నవలకంటె ముందుకు పోలేదన్నమాట.

మొగిలి కనుమ నేడు లారీల మోతతో నిండియున్నది. గుడుపల్లె మీదుగా రాత్రి రైలు పోవును. బెంగుళూరు పనికి పోవు కూలి మూట తలక్రింద పెట్టుకొని, ఎరుగని పొరుగువాని ప్రక్కన నిద్రపోవును. అపరిచితుని నమ్మి నిద్రపోగలుగుట ఎంత పెద్ద భాగ్యమో ఉర్లువాండ్ల కథ చెప్పును. ఆ నమ్మకమును కాపాడుటకై హంతకుని పట్టుకొనవలెను, వాని మాట వినవలెను. దానిని కాపాడుటకే ఆ మాటను తూచియు చూడవలెను.